నాగావళి పక్కన నూట ముప్పై రెండు గంటలు

తేది 30-11-2024, శనివారం. పొద్దున్న ఆరింటికి పొగమంచు, తొమ్మిదింబావుకి విడిచింది. అయిన పనులు: వాకిలి, మేడమెట్లు కడగడం. ఏడింటికి పై వాటాకి కాఫీ. గ్లాసు ఎనిమిదింటికి కిందికి వచ్చింది, ఖాళీగా. సభకి పులిహోర, నాలుగు కిలోల బియ్యం, పొట్లాలు కట్టడంతో సహా. నిన్న సంతలో తెచ్చిన చిక్కుళ్ళు ఒలవడం సగంలో ఉంది. మూడో ఖాతా పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. నాలుగింటికి కమ్యూనిటీ హాల్లో డాక్టరుగారి వీడ్కోలు సభ. అక్కడ నేను మాట్లాడినది, మధ్యలో ఇతరులు అన్నవాటితో సహా, మరిచిపోకముందే ఇక్కడ ఎక్కిస్తున్నాను.

సభకు అధ్యక్షత వహిస్తున్న ఆదినారాయణ మాస్టారికి, ఘాటురోడ్డు మలుపుల్లో కడుపులో తిప్పినా ఓర్చుకుని విశాఖపట్నం నుంచి వచ్చిన, డాక్టరుగారి పుస్తకం అచ్చు పనీ కేంద్రం నిధులూ చూసే ప్రొఫెసర్ లక్ష్మీప్రసాద్ గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకి, కాఫీ పళ్ళు కోసే రోజుల్లో కూలి మానుకుని మరీ వచ్చి కూర్చున్న అక్కచెల్లెళ్ళకి, కోతుల కేంద్రంలో పనిచేసే గాసికి, మిగతా ముగ్గురికి, మా ఇంటి పై వాటాలో ఏడేళ్ళుండి ఎల్లుండి సోమవారం ఖాళీ చేసి విజయనగరం వెళ్ళిపోతున్న డాక్టర్ బిందుమాధవి గారికి నమస్కారం.

నా పేరు అచ్చియమ్మ. మెయిన్ రోడ్డు మీద ఇనపసామాను కొట్టు వరహాలరావుగారు మావారు. నేను మైకు ముందు నిలబడడం ఇది రెండోసారి. మొదటిసారి సంతలో మావారు తప్పిపోయినప్పుడు. (నవ్వారు. మావారు నవ్వలేదు.)

మాస్టారు పోయిన బుధవారం మా ఇంటికి వచ్చి, ఈ సభలో ఎవరెవరు మాట్లాడాలో డాక్టరుగారు కాగితం మీద రాసిచ్చారని, అందులో ఒకే ఒక్క పేరు ఉందని, అది నాదని చెప్పారు. ఆ కాగితం చూపించమన్నాను. ఎందుకంటే అప్పటికి డాక్టరుగారు నాతో మాట్లాడి పదహారు రోజులు. ఇవాళ్టికి పందొమ్మిది. ఒకే ఇంట్లో, ఒకే మెట్ల మీద.

నిన్న సాయంత్రం ప్రొఫెసరుగారు ఫోన్ చేసి, "అమ్మా, రెండు మంచి మాటలు చెప్పి దిగిపోండి. ఏడో అధ్యాయం జోలికి మాత్రం వెళ్ళకండి" అన్నారు. నేను సరే అనలేదు, కాదు అనలేదు. పులిహోరలో కారం తగ్గించమంటారా అని అడిగాను. (నవ్వారు.)

ఆ ఏడో అధ్యాయం సంగతి ఇక్కడ సగం మందికి తెలుసు, మిగతా సగానికి సగం తెలుసు. డాక్టరుగారి కొంప నేనే ముంచానని బజార్లో అనుకుంటున్నారని మావారు చెప్పారు. అందుకని మొదటినుంచీ చెప్తాను. మాస్టారూ, ఆ గంట మీద నుంచి చెయ్యి తియ్యండి. డాక్టరుగారి ముందు బల్ల మీద ఒక కవరు ఉంది, అందరికీ కనిపిస్తోంది. సోమవారం అచ్చుకి వెళ్ళే ఆవిడ పుస్తకంలో ఏడో అధ్యాయం ఆ కవరులో ఉంది. పాతదే ఉందో, దిద్దినది ఉందో నాకు తెలియదు. తెలియకుండానే మాట్లాడుతున్నాను.

డాక్టరుగారు మా ఇంటికి వచ్చింది రెండువేల పదిహేడు జూన్‌లో. డాక్టరమ్మ దిగిందని తెలిసి మొదటి వారంలోనే పదకొండు మంది జ్వరానికి, ఇద్దరు పంటినొప్పికి మా మెట్లెక్కారు. కోతుల డాక్టరని తెలిశాక కూడా ఒకాయన, "పరవానేదమ్మా, మాకూ ఏదో ఒకటి రాసీయండి" అన్నాడు. ఆవిడ ఆఫ్రికాలో, కెన్యా దేశంలో, బబూన్లనే కోతుల్ని ఏళ్ళ తరబడి చూసి, ఆ పద్ధతిలోనే మన కొండల్లో ఎర్రమూతి కోతుల్ని చూడడానికి ఇక్కడ కేంద్రం పెట్టారు. వచ్చేటప్పుడు రెండు పరుపులు, ఒక స్టవ్వు, నలభై ఒక్క నోటుబుక్కులు తెచ్చుకున్నారు. మన వానలు ఆవిడకి కొత్త. ఆగస్టు వచ్చేసరికి పుస్తకాలకి చెమ్మ పట్టి సిరా పాకిపోతుంటే, ఒక మధ్యాహ్నం వాటిని మా వంటింటి పొయ్యి చుట్టూ అప్పడాల్లా పరిచి కూర్చున్నారు. నేను ఒక పేజీ చూశాను. మూడు అక్షరాలు, బాణం గుర్తు, మళ్ళీ మూడు అక్షరాలు, పక్కన నిమిషాలు. నాకు బాగా తెలిసిన వస్తువులా కనిపించింది. "ఇది జమాఖర్చే కదండీ, ఎవరు ఇచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు" అన్నాను. ఆవిడ ఆ పేజీ తన వైపు తిప్పుకుని చూసి, "అవును, అచ్చియమ్మా. అంతే" అన్నారు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటిదాకా నా పని అదే. ఆ నలభై ఒక్క పుస్తకాల్నీ మంచి కాగితం మీద, పెద్ద ఖాతా పుస్తకాల్లోకి ఎక్కించడం. ఒక కోతి ఇంకో కోతికి ఒళ్ళంతా వెతికి పేలు చూస్తుంది చూడండి, అదే ఇచ్చిపుచ్చుకోవడం. ఎవరు ఎవరికి చూశారు, ఎంతసేపు, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు. మావారు ఒకరోజు భోజనానికి వచ్చి, "ఏటే, మన కొండ మీద కోతులు సాలవని ఆఫ్రికా కోతుల లెక్క కూడా రాత్తన్నావా? మరి నా కొట్టు లెక్క ఎవులు రాత్తారు?" అన్నారు. ఆయన కొట్టు లెక్క కూడా నేనే రాస్తాను. అది వేరే సంగతి.

బబూన్ అంటే కుక్కమూతి లాంటి పొడుగు మూతి ఉన్న పెద్ద కోతి. చెట్టు మీద కన్నా నేల మీద ఎక్కువ తిరుగుతుంది. మందలో డెబ్బై ఎనభై దాకా ఉంటాయి. అందులో ఆడవి పుట్టిన మందలోనే బతుకంతా ఉండిపోతాయి. మగవి ఎదిగాక మంద విడిచి వేరే మందకి పోతాయి. ఈ సంగతి నేను కూరలమ్మే సోములమ్మకి చెప్తే, గంప దించి కూర్చుని, "అయితే మగోళ్ళే అత్తోరింటికి పోతారా? ఆ ఊరు ఇక్కడికి ఎంత దూరమేటమ్మా?" అని అడిగింది. (చాలాసేపు నవ్వారు. సోములమ్మ వెనక వరస నుంచి "ఇప్పటికీ సెప్పనేదు!" అంది.)

డాక్టరుగారు ఆ ఆడ బబూన్లకి మన వైపు నదుల పేర్లు పెట్టుకున్నారు. వంశధార, చంపావతి, శారద, గోస్తని, నాగావళి. ఊరు గాని ఊర్లో, మాట్లాడే మనిషి లేని చోట, పొద్దున్నే లేచి "నాగావళి ఎక్కడుంది" అని వెతుక్కునే మనిషిని తలుచుకుంటే నాకు రాస్తూ రాస్తూ చెయ్యి ఆగిపోయేది. మూడేళ్ళు రాశాక ఆ మంద నాకు మా వీధి అయిపోయింది. శారద గయ్యాళిది. చంపావతికి ఎవరి బిడ్డ కనిపించినా ఎత్తుకోవాలి. గోస్తని ముసలిది, ఒక కన్ను లేదు, ఎవరి జోలికీ పోదు, కానీ రోజూ ఒకసారి నాగావళి దగ్గరికి వచ్చి పేలు చూసి పోతుంది.

పందొమ్మిది వందల తొంభై రెండు ఫిబ్రవరిలో నాగావళి బిడ్డ చనిపోయింది. నాలుగు నెలల పిల్ల. నాగావళి ఆ పిల్లని వదల్లేదు. ఆరు రోజులు చేత్తో పట్టుకుని మందతోపాటు నడిచింది, ఏడో రోజు ఒక రాయి మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ పేజీ ఎక్కించిన రోజు మా ఇంట్లో కూర మాడింది.

దాని తర్వాతది ఏడో అధ్యాయం. బిడ్డ పోకముందు మూడు నెలల్లో నాగావళితో పేలు చూసుకున్నవి నాలుగు కోతులు. పోయిన తర్వాత మూడు నెలల్లో తొమ్మిది. కడుపుకోత పడిన తల్లి ఇల్లు పట్టుకుని కూర్చోదు, లేచి కొత్త స్నేహాలు వెతుక్కుంటుంది, స్నేహమే దాన్ని బతికిస్తుంది అని డాక్టరుగారు రాశారు. అది అప్పట్లో వ్యాసంగా అచ్చయింది, దాంతోనే ఆవిడ పేరు దేశాలు దాటింది. వేరే చోట్ల వేరే శాస్త్రజ్ఞులు కూడా బబూన్ల పేడ ఏరి, పరీక్ష చేసి, అయినవాళ్ళని పోగొట్టుకున్న ఆడకోతికి ఒంట్లో ఒత్తిడి పెరుగుతుందనీ, అప్పుడది స్నేహాలు పెంచుకుంటుందనీ చూశారట. వాళ్ళ పుస్తకాలు నేను చూడలేదు, వాటి గురించి నాకేమీ తెలియదు. నేను రాసింది మన పుస్తకం. దాని గురించే చెప్తాను.

(ఇక్కడ ప్రొఫెసరుగారు కుర్చీలో ముందుకి జరిగారు.)

నాకు ఒక అలవాటు ఉంది. గ్యాస్ సిలిండరు వస్తే, వచ్చిందని మాత్రమే రాయను. ఎన్ని రోజులు వచ్చిందో పక్కన రాస్తాను. ఏడాదికి తొమ్మిది సిలిండర్లు అయ్యాయంటే ఏమర్థమవుతుంది? ఎంతమందికి వండాను, ఎన్ని రోజులు వండాను, అది పక్కన ఉంటేనే తొమ్మిది ఎక్కువో తక్కువో తెలుస్తుంది. ఈ జూలైలో ఖాతాల మొత్తాలు వేస్తూ, ఆ అలవాటుకొద్దీ ప్రతి కోతి పేరు పక్కనా ఒక కాలమ్ గీశాను. దాన్ని ఎన్ని గంటలు చూశారు అని. నోటుబుక్కుల్లో మొదలుపెట్టిన టైమూ ముగించిన టైమూ ప్రతిచోటా ఉన్నాయి. ముప్పై రెండేళ్ళలో ఎవరూ కూడలేదు, అంతే.

అదే వారంలో గాసి మా వాకిట్లో కూర్చుని టీ తాగుతూ ఒక మాట అన్నాడు. గాసీ, లేవక్కర్లేదు, కూర్చో. హోటళ్ళ వెనక తిరిగే మన కోతుల్లో కుంటిది ఒకటి ఉంది కదా, దాన్ని అందరూ పెద్ద దొంగ అంటారు. నేనూ అన్నాను. దానికి గాసి, "అదేటి దొంగమ్మా? కాలు నేదు గదా, బేగి పారిపోనేదు. అందుకే మన కంటికి ఆనుతాది. మిగతాయి అంతకన్నా ఎక్కువే కొట్టేసి ఎల్లిపోతాయి. దీన్ని సూసినంతసేపు మనం వాట్ని సూత్తన్నామేటి?" అన్నాడు.

నేను గ్లాసు అక్కడే పెట్టేసి లోపలికి వెళ్ళి ఆ కాలమ్ మళ్ళీ చూశాను.

(ప్రొఫెసరుగారు లేచారు. "అమ్మా, ఇది వీడ్కోలు సభ" అన్నారు. మెల్లగానే అన్నారు, కానీ మైకు దగ్గరగా ఉంది, అందరికీ వినిపించింది. "ఈ పుస్తకం ఆగితే కేంద్రానికి నిధులు ఆగుతాయి. ఈ నలుగురి ఉద్యోగాలు ఉండవు. మీరు అది ఆలోచించారా?" మాస్టారు గంట మీద చెయ్యి వేశారు. అప్పుడు గాసి లేచాడు. ఎప్పుడూ ఆ హాల్లో వాడి గొంతు విన్నవాళ్ళు లేరు. "బాబూ, నా పని పోతాదని నా పేరు సెప్పి ఆపీకండి. రేపు నేను రాసింది తప్పయితే కూడా ఇలాగే ఊరుకుంటారేటి?" అని కూర్చున్నాడు. డాక్టరుగారు కవరు మీద రెండు చేతులూ పెట్టుకుని, తల ఎత్తకుండా, "చెప్పనివ్వండి మాస్టారూ" అన్నారు. పందొమ్మిది రోజుల తర్వాత ఆ గొంతు నేను అంత దగ్గర నుంచి వినడం అదే.)

చెప్తాను. కానీ ముందు నా తప్పు చెప్పాలి.

నేను జూలై పద్దెనిమిదిన ఆ లెక్క చూసి, పేజీ అంచున ఎర్రపెన్సిలుతో "సరిపోలేదు" అని రాశాను. రాసి పుస్తకం మూశాను. పైకి వెళ్ళి చెప్పలేదు. డాక్టరుగారు అప్పుడు ఏడో అధ్యాయం తిరగరాస్తున్నారు, రోజూ సాయంత్రం కిందికి వచ్చి, మా వాకిలి గట్టు మీద కూర్చుని, ఒక్కో పేరా చదివి వినిపించేవారు. బాగుందా అని అడిగేవారు. నేను బాగుందండి అనేదాన్ని. అబద్ధం కాదు, బాగానే ఉండేది. ఆవిడ ముఖం చూస్తే రేపు చెప్దాంలే అనిపించేది. అలా నాలుగు నెలలు. మొన్న పదకొండో తేదీన ప్రొఫెసరుగారు ఖాతాలు ఫొటోలు తీసుకోవడానికి వచ్చి ఆ ఎర్రరాత చూసి అడిగారు. అడిగితే దాచలేకపోయాను. ఆయన వెళ్ళి ఆవిడకి చెప్పారు. ఆయన చెయ్యవలసింది ఆయన చేశారు, తప్పు లేదు. కానీ ముప్పై రెండేళ్ళ పనిలో పొరపాటుందని ఆవిడకి నా నోటి నుంచి వినిపించాలి కదా. పక్కింటి కబురులా ఇంకొకరి నోట వినవలసి వచ్చింది.

ఆవిడ మెట్లు దిగి వచ్చి, "జూలైలోనే తెలిసిందా?" అన్నారు.

"అవునండి."

"నాలుగు నెలలు నాకు అన్నం పెట్టావు. ఒక్క మాట పెట్టలేకపోయావు" అన్నారు. పైకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పళ్ళెం పైకి వెళ్ళేది, పళ్ళెం కిందికి వచ్చేది. కొన్ని రోజులు పెట్టింది పెట్టినట్టే వచ్చేది. ఎంత తిన్నారో రాసుకున్నాను, అలవాటు మానలేకపోయాను. మావారు, "నీకెందుకే ఈ కోతుల పంచాయితీ, ఓ దణ్ణం ఎట్టీసి నెక్క తప్పు నాదేనని సెప్పేయకూడదా?" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. కానీ లెక్క తప్పు నాది కాదు. అది నాదని చెప్తే, కేంద్రంలో ఈ నలుగురికి డాక్టరుగారు ఏడేళ్ళుగా నేర్పినదానికి నేను అడ్డం పడినట్టు అవుతుంది. "చూడనిచోట 'చూడలేదు' అని రాయండి, 'లేదు' అని రాయకండి." ఆవిడ చేతిరాతతో కేంద్రం గోడ మీద ఉంది. ఇక్కడ చదువుకున్న పిల్లలందరూ చూసే ఉంటారు.

(నేను సంచిలోంచి మూడో ఖాతా తీశాను. పేజీ తెరిచాను. అప్పుడు డాక్టరుగారు తల ఎత్తి అడిగారు.

"ఎన్ని గంటలు?"

నేను మైకులో కాకుండా ఆవిడకే చెప్పబోయాను. "అందరికీ చెప్పు, అచ్చియమ్మా" అన్నారు.)

ఆ మందలో పెద్ద ఆడకోతులు పదిహేను. ఒక్కొక్కదాన్నీ వంతు ప్రకారం పది నిమిషాలు చూసి, తర్వాతి దానికి పోవాలన్నది డాక్టరుగారు పెట్టుకున్న నియమం. బిడ్డ పోకముందు మూడు నెలల్లో పదిహేనింటికీ నలభై నాలుగేసి గంటలు. నాగావళికీ నలభై నాలుగే. బిడ్డ పోయిన తర్వాత మూడు నెలల్లో మిగతా పద్నాలుగింటికీ నలభై నాలుగేసి. నాగావళికి నూట డెబ్బై ఆరు.

నాలుగింతలు. వంతు అయిపోయాక కూడా, వంతు కానప్పుడు కూడా, అందరినీ చూశాక సాయంత్రం పూట కూడా, డాక్టరుగారు మళ్ళీ మళ్ళీ నాగావళి దగ్గరికి వెళ్ళి కూర్చున్నారు. అంతసేపు చూస్తే తొమ్మిది స్నేహాలు కనిపించాయి. ఆ నూట డెబ్బై ఆరులో వంతు ప్రకారం చూసిన నలభై నాలుగు గంటలే విడదీసి లెక్కపెట్టాను. మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగే కనిపించాయి. మిగతా పద్నాలుగింటి పక్కనా అన్నన్ని గంటలు కూర్చుని ఉంటే వాటికీ తొమ్మిదేసి కనిపించేవేమో. కూర్చోలేదు కనక తెలియదు. గాసి చెప్పిన కుంటికోతి సంగతే.

కాబట్టి నాగావళి కొత్త స్నేహాలు వెతుక్కుందని మన పుస్తకం చెప్పలేదు. వెతుక్కోలేదనీ చెప్పలేదు.

(ప్రొఫెసరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.)

ఇంకొక్క లెక్క ఉంది. ఇది ఎర్రపెన్సిలుతో రాసినది కాదు, సిరాతో రాశాను. ఈ పందొమ్మిది రోజుల్లో రాశాను, పైకి పంపించే ధైర్యం లేక నా దగ్గరే ఉంచుకున్నాను. గోస్తని, ఒంటికన్ను ముసలిది. బిడ్డ పోకముందు, నలభై నాలుగు గంటల్లో గోస్తని నాగావళికి పేలు చూసినది ఐదు గంటలు. బిడ్డ పోయాక, నూట డెబ్బై ఆరు గంటల్లో ఇరవై గంటలు, ఒక పది నిమిషాలు తక్కువ. భాగించి చూడండి. పెరగలేదు, తగ్గలేదు. పిల్ల శవాన్ని పట్టుకుని నాగావళి నడుస్తున్న ఆ ఆరు రోజుల్లో, చంపావతి కూడా దగ్గరికి రాని రోజుల్లో, గోస్తని ప్రతిరోజూ వచ్చింది. ఎప్పుడూ వచ్చే వేళకే వచ్చింది, ఎప్పుడూ కూర్చున్నంతసేపే కూర్చుంది.

డాక్టరుగారూ, నేను బబూన్‌ని కళ్ళారా చూడలేదు. ఇకముందు చూస్తానని కూడా అనుకోను. శాస్త్రంలో దీనికి ఎంత విలువ ఉంటుందో నాకు తెలియదు, ఒక్క ముసలికోతి లెక్కతో ఏదీ తేలదని మీరే అంటారు. కానీ మన పుస్తకంలో నిలబడిన లెక్క ఇది ఒకటి ఉంది. ఏడో అధ్యాయం మొత్తం పోలేదు. నాకు ఇది మీకు చెప్పాలని ఉండింది. ముందే చెప్పాల్సింది.

మీరు నాగావళి దగ్గర అన్నన్ని గంటలు ఎందుకు కూర్చున్నారో నా ఖాతాలో కాలమ్ లేదు. ఆ ఫిబ్రవరి పేజీల్లో, రెండు వరసల మధ్య, మీ చేతిరాతతో ఒక మాట ఉంది. అది ఎక్కించవలసినది కాదని నేను ఎక్కించలేదు. ఇక్కడా చెప్పను.

(డాక్టరుగారు లేచారు. మైకు ఆవిడ వైపు తిప్పాను. వద్దన్నట్టు చెయ్యి ఊపి, మైకు లేకుండానే మాట్లాడారు.

"ఆ మాట 'అమ్మ'. విజయనగరంలో మా అమ్మ పోయింది. టెలిగ్రాం నాకు పదకొండు రోజులకి అందింది. వెళ్ళినా ఏమీ ఉండదని తెలిసి వెళ్ళలేదు. కెన్యాలో నా భాష తెలిసినవాళ్ళు లేరు. నాగావళి చేతిలో దాని పిల్ల ఉంది. నేను వెళ్ళి దాని పక్కన కూర్చున్నాను. చూస్తున్నాను అనుకున్నాను, రాస్తున్నాను అనుకున్నాను. స్నేహం వల్ల అది బతికిందని రాశాను. అచ్చియమ్మ కూడేదాకా నాకు తెలియలేదు, ఆ గంటలన్నీ నావని."

నా చేతిలోంచి ఖాతా అడిగి తీసుకున్నారు. ఆ పేజీలో, నాగావళి పక్కన కొత్తగా వచ్చి కూర్చున్నవారు అనే శీర్షిక కింద నేను ఒక గడి ఖాళీగా వదిలాను. ఎందుకు వదిలానో ఎవరికీ చెప్పలేదు. ఆవిడ అడగలేదు కూడా. పెన్ను తీసి ఆ గడిలో "బిందుమాధవి, 132" అని రాశారు. నూట డెబ్బై ఆరులో నలభై నాలుగు తీస్తే అంతే. నేను తీసివేత సరిచూశాను.

తర్వాత కవరు ప్రొఫెసరుగారి చేతికిచ్చి, "దిద్దినదే ఉంది ప్రసాద్. మొన్న గురువారమే దిద్దాను. కానీ ఈ గోస్తని లెక్క అందులో లేదు, అది ఇవాళ రాసిస్తాను. అచ్చు ఒక వారం ఆగుతుంది, ఆగనీ. అప్పట్లో నా వ్యాసం వేసినవాళ్ళకి కూడా ఉత్తరం రాశాను. నీకు కష్టం అవుతుందని తెలుసు" అన్నారు. ఆయన కవరు సంచిలో పెట్టుకున్నారు. నిధుల సంగతి ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చివరికి నా వైపు తిరిగి, "అమ్మా, మిగతా అధ్యాయాలకి కూడా ఆ గంటల కాలమ్ వేసి చూడాలి. ఖాతాలు మీ దగ్గరే ఉంచండి" అన్నారు.

డాక్టరుగారు నన్ను చూసి, "ఇంకా చెప్పవలసింది ఉందా?" అన్నారు.)

ఉందండి. ఇంత పెద్ద సభలో అందరూ వినేలా చెప్పాలని మీరు నా పేరొక్కటే రాశారని ఇప్పుడు అర్థమైంది. నాలుగు నెలలు దాచినందుకు నన్ను క్షమించండి. ఈ మాట మెట్ల మీద చెప్పవలసింది, మైకులో చెప్తున్నాను. మైకులో చెప్తే ఎక్కువ సేపు వినిపిస్తుందని కాదు, మెట్ల మీద మీరు ఆగడం లేదని. (ఆవిడ నవ్వారు. అప్పుడు అందరూ నవ్వారు.)

మాట్లాడనిచ్చిన మాస్టారికి, కోపం వచ్చినా కూర్చున్న ప్రొఫెసరుగారికి, నాకు లెక్క నేర్పిన గాసికి, కొట్టు రెండు గంటలు మూసి వచ్చి నన్ను చూసి గర్వపడాలో సిగ్గుపడాలో తేలక గుమ్మం దగ్గర నిలబడిపోయిన మావారికి కృతజ్ఞతలు. డాక్టరుగారూ, సోమవారం బండి తొమ్మిదింటికి. ఎనిమిదింటికి ఇడ్లీ కింద, మా గట్టు మీదే. పళ్ళెం పైకి పంపించను. పులిహోర పొట్లాలు బయట బల్ల మీద ఉన్నాయి, మనిషికొకటి. సోములమ్మకి రెండు, ఆ ఊరి దూరం చెప్పలేకపోయినందుకు. అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను.

సాయంత్రం ఆరున్నర. పొట్లాలు మిగలలేదు. చిక్కుళ్ళు మిగతా సగం డాక్టరుగారు, నేను కలిసి గట్టు మీద ఒలిచాం.

జూలై 18 నుంచి డాక్టరుగారికి బాకీ ఉన్న మాట ఒకటి. చెల్లు.